పురుగు ఎక్కడుంది? (కంప్యూటరు తప్పులు వెతికిన వాళ్ళ చరిత్ర)



చరిత్ర వ్యాసం రాయమని మా సోషల్ సార్ చెప్పినప్పుడు క్లాసులో సగం మంది శ్రీకృష్ణదేవరాయలు అన్నారు, మిగిలిన సగం మంది గాంధీ గారు అన్నారు. నేను మాత్రం "సార్, కంప్యూటరు పని చేయకపోవడం గురించి రాయవచ్చునా?" అని అడిగాను. అందరూ నవ్వారు. సార్ నవ్వలేదు. "దానికి చరిత్ర ఉంటే రాయి" అన్నారు. వెతికితే చాలానే దొరికింది.

ఈ ఆలోచన రావడానికి కారణం మా ఇంట్లో జరిగిన సంగతి. మా అన్న హోసూరు సిప్‌కాట్‌లో పని చేస్తాడు. రెండేళ్ళు చీటీ కట్టి, ఎత్తిన 58,000 రూపాయలతో గేమింగ్ కంప్యూటరు చేసుకోవాలని అనుకున్నాడు. క్వార్టర్లీ సెలవుల్లో నన్ను కూడా బెంగళూరు ఎస్.పి. రోడ్డుకి పిలుచుకుని పోయినాడు. మదర్‌బోర్డు, ప్రాసెసరు, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు, ఎస్.ఎస్.డి., పవర్ సప్లై, కేబినెట్, అన్నీ విడివిడిగా కొన్నాము. బస్సులో గ్రాఫిక్స్ కార్డు పెట్టెను ఒళ్ళో పసిబిడ్డ మాదిరి పెట్టుకుని వచ్చినాడు. నాయినకి ఇది మొదటి నుంచీ ఇష్టం లేదు. "ఆ దుడ్డుతో బండి కొనుంటే డ్యూటీకన్నా పోయుండొచ్చు" అన్నారు.

రాత్రి పదకొండు దాకా కూర్చుని జోడించినాము. స్విచ్చి నొక్కితే ఫ్యాన్లు ఒక్క సెకను తిరిగి ఆగిపోయినాయి. మళ్ళీ వాటంతట అవే తిరిగినాయి, మళ్ళీ ఆగినాయి. తెర మీద ఏమీ లేదు. మా జేజి చూసి "దానికి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి కదరా, నీళ్ళు తాపండి" అనింది. నాకు నవ్వొచ్చింది గానీ అన్న ముఖం చూసి ఆపుకున్నాను. నాయిన ఏమీ అనకుండా లోపలికి పోయి పడుకున్నారు. తిట్టుంటేనే బాగుండేది.

అప్పుడు మొదలైన ప్రశ్న ఒక్కటే. ఏడు వస్తువులు ఉన్నాయి, తప్పు దేనిది? ఏడుకే మేము ఇంత తల పట్టుకుంటే సుమారు 18,000 ఉన్నవాళ్ళు ఏం చేసుంటారు?

అమెరికాలో ఫిలడెల్ఫియా నగరంలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్ళు కట్టిన ఎనియాక్ అనే కంప్యూటరును 1946 ఫిబ్రవరిలో లోకానికి చూపించారు. దాని బరువు సుమారు 30 టన్నులు. అందులో బల్బుల మాదిరి ఉండే వాక్యూమ్ ట్యూబులు దాదాపు 18,000. బల్బు అన్నాక ఎప్పుడో ఒకప్పుడు మాడిపోతుంది. అన్ని ట్యూబులు ఉంటే ఎప్పుడూ ఏదో ఒకటి మాడుతూనే ఉంటుంది, ఇది నడవదు అని చాలా మంది అన్నారు. దాన్ని కట్టిన ఇంజనీరు ప్రెస్పర్ ఎకర్ట్ ట్యూబులకు అవి తట్టుకోగలిగిన దానికన్నా తక్కువ కరెంటు ఇచ్చి నడిపించాడు. వేడెక్కేటప్పుడూ చల్లారేటప్పుడూ ట్యూబులు ఎక్కువగా పోతున్నాయని గమనించి, మిషన్ను ఆర్పడమే మానుకున్నారు. వైర్లను ఎలుకలు కొరుకుతాయేమోనని ముందే ఆకలి మీద ఉన్న ఎలుకలకు రకరకాల వైరు ముక్కలు వేసి, అవి ముట్టని రకం ఏరుకున్నారట! చివరికి రెండు రోజులకు ఒక ట్యూబు పోయేంత వరకు తగ్గింది. పోయిన ట్యూబు ఏదో పావుగంటలో కనిపెట్టేవాళ్ళమని ఎకర్ట్ తర్వాత చెప్పాడు.

ఆ ట్యూబును కనిపెట్టగలిగిన వాళ్ళలో ఆరుగురు ఆడవాళ్ళు ఉన్నారు. కే మెక్‌నల్టీ, బెట్టీ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్సెస్ బిలాస్, రూత్ లిక్టర్‌మన్. వీళ్ళ పని ఎనియాక్‌కు లెక్కలు అమర్చడం. నేర్పడానికి పుస్తకం లేదు, మిషన్ బొమ్మలు చూసి నేర్చుకున్నారు. లెక్క తప్పు వస్తే అది తమ అమరికలో తప్పా, మిషన్‌లో తప్పా అని తేల్చాలి కాబట్టి, వెతుక్కుంటూ పోయి చెడిన ట్యూబు దాకా చేరుకునేవాళ్ళు. మిషన్ను చూపించిన రోజు రాత్రి విందు జరిగింది. వీళ్ళను పిలవలేదు. నాకు ఇది చదివినప్పుడు కోపం వచ్చింది.

మన దేశంలో కూడా ఇలాంటి కథ ఉంది. పెద్ద కంప్యూటర్లు అద్దెకు ఇచ్చే ఐ.బి.ఎమ్. కంపెనీ ప్రభుత్వ షరతులకు ఒప్పుకోక 1978లో భారతదేశం విడిచి వెళ్ళింది. మిషన్లు మాత్రం ఇక్కడే ఉండిపోయాయి. వాటిని ఎవరు బాగు చేయాలి? 1975లోనే ప్రభుత్వం పెట్టిన ఒక సంస్థ ఆ పని చేతికి తీసుకుంది. దాని పేరే కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్, అంటే సి.ఎమ్.సి. కంప్యూటర్లను బాగు చేయడానికే ఒక ప్రభుత్వ కంపెనీ ఉండిందని నాకు ముందు తెలీదు.

మళ్ళీ మా ఇంటికి వస్తాను. రెండో రోజు అన్న స్నేహితుడు ఒక సలహా చెప్పినాడు. చిన్న స్పీకరు తగిలించండి, అది కూత పెట్టి ఏం తప్పో చెబుతుంది అని. ఇది కూడా చరిత్రే. 1981 ఆగస్టులో ఐ.బి.ఎమ్. వాళ్ళు విడుదల చేసిన పర్సనల్ కంప్యూటరు స్విచ్చి వేయగానే తనను తానే పరీక్ష చేసుకునేది. దాన్ని పోస్ట్ అంటారు, పవర్ ఆన్ సెల్ఫ్ టెస్ట్. ఒక చిన్న కూత అయితే అంతా బాగుంది, ఒక పొడుగు కూత, రెండు చిన్న కూతలు అయితే తెర వైపు తప్పు. ఎనియాక్ కాలంలో మనిషి పోయి మిషన్ను అడగాల్సి వచ్చింది, 35 ఏళ్ళకు మిషనే చెప్పడం నేర్చుకుంది. ఇప్పుడు మంచి బోర్డుల మీద నాలుగు చిన్న దీపాలే ఉంటాయి. మాది చవక బోర్డు, ఆ దీపాలు లేవు.

స్పీకరు తగిలించినాము. కూత రాలేదు. అన్న దిగులుపడ్డాడు గానీ, తర్వాత ఆలోచిస్తే కూత రాకపోవడం కూడా ఒక జవాబే. పరీక్ష చేసేది ప్రాసెసరు. పరీక్ష మొదలవక ముందే కరెంటు ఆగిపోతా ఉంటే కూసేది ఎవరు? కాబట్టి కరెంటు వైపే చూడాల. పవర్ సప్లైని స్నేహితుడి కంప్యూటరులో పెట్టి చూసినాము, బాగా నడిచింది. తర్వాత మా దాంట్లో గ్రాఫిక్స్ కార్డు తీసి చూసినాము, ఎస్.ఎస్.డి. తీసి చూసినాము, ర్యామ్ ఒక్కొక్కటిగా మార్చినాము. ఒకేసారి రెండు మార్చకూడదు, మారిస్తే ఏది కారణమో తెలీదు. ఎక్కిళ్ళు మాత్రం పోలేదు.

నాలుగో రోజు బోర్డు తీసుకుని అంగడికి పోతే "మేము ఇచ్చినప్పుడు బాగానే ఉండింది, మీరే ఏదో చేసినారు, వెనక్కి తీసుకోము" అన్నారు. అన్న ఎదురు మాట్లాడలేకపోయినాడు. మా దగ్గర రుజువు లేదు కదా.

రుజువు కోసం నాలుగు నెలలు కూర్చున్న మనిషి ఒకాయన ఉండేవారు. వర్జీనియాలో లించ్‌బర్గ్ కాలేజీ లెక్కల ప్రొఫెసరు థామస్ నైస్లీ. ప్రధాన సంఖ్యల మీద లెక్కలు చేయడానికి తన కంప్యూటర్ల గుంపులో కొత్తగా ఒక పెంటియం కంప్యూటరు చేర్చారు. 1994 జూన్‌లో జవాబులు కలవడం లేదని చూశారు. ఆయన వెంటనే ఇంటెల్ మీద పడలేదు. ముందు తన ప్రోగ్రామును అనుమానించారు, తర్వాత మదర్‌బోర్డును, ఒక్కొక్కటీ పక్కన పెట్టుకుంటూ అక్టోబరు దాకా వచ్చారు. చివరికి మిగిలింది ప్రాసెసరు. ఎవరూ అనుమానించనిది అదే! 41,95,835ను 31,45,727తో భాగిస్తే 1.33382 రావాలి, పెంటియం 1.33373 అని చూపించింది. భాగహారం కోసం లోపల ఉంచిన పట్టికలో కొన్ని గడులు ఖాళీగా ఉండిపోయాయి. మామూలు వాళ్ళకు ఇది 27,000 ఏళ్ళకు ఒకసారి వచ్చే తప్పు అని ఇంటెల్ అంది. పెద్ద లెక్కలు చేసేవాళ్ళమని చూపిస్తేనే మారుస్తామంది. జనం ఊరుకోలేదు. డిసెంబరు 20న, అడిగిన అందరికీ మారుస్తామని ఒప్పుకుంది. ఖర్చు 47 కోట్ల 50 లక్షల డాలర్లు.

ఇది చదివి నేను అంగడి మీద గెలిచినట్టే అనుకున్నాను. కానీ ఇంకో రకం కథ కూడా ఉంది. 2022లో ఆర్.టి.ఎక్స్. 4090 అనే ఖరీదైన గ్రాఫిక్స్ కార్డుల్లో కరెంటు కనెక్టర్లు కొన్ని కరిగిపోయాయి. లోకం మొత్తంలో తమకు తెలిసినవి సుమారు 50 అని, పూర్తిగా లోపలికి నొక్కకపోవడం ఎక్కువగా కనిపించిన కారణం అని ఎన్విడియా కంపెనీ చెప్పింది. కంపెనీ మాట కాబట్టి నేను కొంచెం అనుమానంతోనే చదివాను. అయినా ఆ రోజు నుంచి నాకు లోపల గుబులు మొదలైంది. జోడించిన చేతుల్లో నావి కూడా ఉన్నాయి.

తొమ్మిదో రోజు అన్న బోర్డును కేబినెట్ నుంచి పూర్తిగా బయటికి తీసి, దాని అట్టపెట్టె మీదనే పెట్టి కరెంటు ఇచ్చినాడు. ఫ్యాను తిరిగింది, ఆగలేదు. స్పీకరు ఒక్క చిన్న కూత కూసింది! జేజి కూడా లేచి వచ్చింది. అంటే వస్తువులన్నీ మంచివే. ఖాళీ కేబినెట్‌లోకి టార్చి వేసి చూసినాము. బోర్డు రేకుకు తగలకుండా కింద ఇత్తడి కాళ్ళు బిగిస్తారు, స్టాండాఫ్‌లు అంటారు. మా బోర్డుకు 6 కాళ్ళు చాలు. అక్కడ 7 ఉన్నాయి. ఏడోది బోర్డు అడుగున టంకం చుక్కలకు తగిలి షార్ట్ అవుతా ఉంది.

కంప్యూటరు చరిత్రలో అందరికీ తెలిసిన కథ గుర్తొచ్చింది. 1947 సెప్టెంబరు 9న హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మార్క్ 2 అనే మిషన్ తప్పు చేస్తూ ఉంటే, ఎఫ్ ప్యానెల్‌లో 70వ రిలేలో ఒక రెక్కల పురుగు ఇరుక్కుని కనిపించింది. దాన్ని టేపుతో లాగ్ బుక్కులో అతికించి, నిజంగా పురుగు దొరికిన మొదటి సందర్భం ఇదే అని తమాషాగా రాశారు. ఆ పుస్తకం ఇప్పటికీ అమెరికాలో స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. గ్రేస్ హాపర్ ఆ పురుగును పట్టారని చాలా చోట్ల రాస్తారు. ఆమె ఆ కథ అందరికీ చెప్పారు గానీ పట్టింది ఆమె కాదు. తప్పును బగ్ అనడం కూడా అక్కడ పుట్టలేదు, ఎడిసన్ 1878లోనే ఉత్తరంలో ఆ మాట వాడాడు. అందుకే వాళ్ళకు అది తమాషా అయింది.

అన్న ఆ ఇత్తడి కాలు విప్పి, నా రఫ్ నోటులో టేపుతో అతికించి, కింద తేదీ వేసినాడు. పేరు రాయలేదు. నాయిన అడిగితే "నేనే ఒకటి ఎక్కువ బిగించినాను" అని చెప్పి తిట్లు తిన్నాడు. అన్న అన్నానికి లేచిపోయినప్పుడు, సంచిలో ఒకటి మిగిలిపోయిందని దాన్ని బిగించింది నేను. నాయిన ఈ పత్రిక ప్రతి ఏడూ మొదటి పుట నుంచి చివరిదాకా చదువుతారు.