నాలుగెకరాలకు ఏ ట్రాక్టరు?

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు రెండుసార్లు కబురు పంపారు. తీర్థయాత్రల విశేషాలు, చక్కెర వ్యాధి జాగ్రత్తలు నాకంటే బాగా వ్రాసేవారు మనలో ఉన్నారు. నేను ట్రాక్టర్ల గురించి వ్రాస్తాను. ఈ ఏడాది మన సభ్యులలో ముగ్గురు నన్ను ఒకే ప్రశ్న అడిగారు: "ఊళ్ళో నాలుగెకరాలుంది, పిల్లలు దూరాన ఉన్నారు, మనమే చూసుకోవాలి. ఏ ట్రాక్టరు కొంటే మంచిది?" నేను 1977లో భూమి తనఖా బ్యాంకులో సూపర్‌వైజరుగా చేరి, 1987లో సింగిల్ విండో విధానంలో మనమంతా ఒకటయ్యేవరకు పదేళ్ళు ట్రాక్టరు అప్పుల దరఖాస్తులు పరిశీలించినవాడిని. నాకు తెలుసని వారి నమ్మకం. నాకు తెలిసినది చెప్పేముందు, తెలియక చేసిన పని ఒకటి కూడా చెప్పడం ధర్మం. ఆ రెండింటికీ మధ్య కొంత చరిత్ర ఉన్నది.

ట్రాక్టరు అనగానే వందల ఎకరాల ఆసామి కోసం పుట్టిన యంత్రమని మనం అనుకుంటాము. అది సగమే నిజం. అమెరికాలో హెన్రీ ఫోర్డు 1917లో ఫోర్డ్‌సన్ ట్రాక్టరు తయారీ మొదలుపెట్టి, కారు మాదిరిగానే చవకగా లక్షల సంఖ్యలో అమ్మాడు. కాని అది ఎద్దుకు బదులు నాగలిని లాగే బండి మాత్రమే. నాగలి వెనుక వ్రేలాడేది. కర్రు రాయికో వేరుకో తగులుకుంటే ముందు చక్రాలు గాలిలోకి లేచి, బండి వెనక్కి తిరగబడేది. తోలేవాడు క్రిందపడి నలిగిపోయిన సందర్భాలు ఎన్నో.

అదే 1917లో ఐర్లండులో హ్యారీ ఫెర్గూసన్ అనే మెకానిక్కును అక్కడి వ్యవసాయ శాఖ పిలిచి, ట్రాక్టరు సేద్యం మెరుగుపడే మార్గం చూడమన్నది. రైతుబిడ్డ. 1909లో స్వయంగా విమానం తయారుచేసి ఎగిరిన మనిషి. ఊరూరా తిరిగి చూస్తే, ఐర్లండులో కమతాలు చిన్నవి, గట్లు దగ్గర దగ్గర. పెద్ద బండి తిరగడానికే చోటు చాలదు. బరువైన బండి నేలను అణగదొక్కుతుంది. తేలికైన బండికి పట్టు చాలదు. ఈ చిక్కు విప్పడానికి ఆయనకు ఇరవై ఏళ్ళు పట్టింది.

ఆయన కనిపెట్టినది ఈనాడు ప్రతి ట్రాక్టరు వెనుకా మనం చూసే మూడు కడ్డీల అమరిక. క్రింద రెండు, పైన ఒకటి. నాగలిని ఈ మూడింటికి బిగించి, హైడ్రాలిక్ లిఫ్టుతో లేపడం, దించడం. నాగలి మీద పడే నేల బరువు వెనుక చక్రాల మీదికి వస్తుంది, కనుక తేలికైన బండికీ పట్టు దొరుకుతుంది. పైకడ్డీ ముందుకు నెట్టడం వలన ముందు చక్రాలు నేలను వదలవు. నేల గట్టిపడి లాగుడు పెరిగితే లిఫ్టు తానే నాగలిని కాస్త లేపుతుంది. అంటే బరువు పెంచి సాధించేదానిని ఆయన అమరికతో సాధించాడు. చిన్న రైతుకు ట్రాక్టరు సాధ్యమయినది ఇక్కడే.

1938 అక్టోబరులో ఫెర్గూసన్ అమెరికా వెళ్ళి ఫోర్డు ఇంటి పొలంలో తన బండితో దున్ని చూపించాడు. ఇద్దరూ చేయి చేయి కలిపారు. అంతే ఒప్పందం. కాగితం మీద ఒక్క అక్షరం లేదు. జీవితమంతా అప్పు పత్రాలు, జామీను సంతకాలతో గడిపిన మనం గమనించవలసిన సంగతి. 1939లో ఫోర్డు 9ఎన్ ట్రాక్టరు ఆ అమరికతో వచ్చింది. ఫోర్డు మనుమడి హయాంలో, రెండవ ప్రపంచ యుద్ధం తరువాత, ఆ ఒప్పందం తెగిపోయింది. ఫెర్గూసన్ కోర్టుకెక్కాడు. 1952లో 92 లక్షల 50 వేల డాలర్లకు రాజీ కుదిరింది. ఈలోగా ఆయన ఇంగ్లండులోని కోవెంట్రీలో 1946 నుంచి సొంత ట్రాక్టరు టీఈ-20 తీయించాడు. 1956 వరకు అయిదు లక్షలకు పైగా తయారయ్యాయి. బూడిద రంగు, పొట్టి ఆకారం. ఎవరెస్టు ఎక్కిన హిల్లరీ 1958 జనవరి 4న దక్షిణ ధ్రువం చేరినది కొద్ది మార్పులు చేసిన ఈ బండ్ల మీదనే. మోటారు వాహనాలతో నేల మీద ప్రయాణించి అక్కడికి చేరిన మొదటి బృందం ఆయనదే.

1953లో ఫెర్గూసన్ కంపెనీ కెనడాకు చెందిన మాసీ-హ్యారిస్‌తో కలిసింది. టీఈ-20 తరువాత వచ్చినది 35 నంబరు బండి. 1960లో మద్రాసులో ఏర్పడిన టాఫే కంపెనీ మాసీ ఫెర్గూసన్ సహకారంతో ట్రాక్టర్లు చేయసాగింది. మన పల్లెల్లో "మాసీ" అని పిలిచే ఎర్ర రంగు 1035 ఆ వంశానిదే. 35 హార్స్‌పవర్, మూడు సిలిండర్ల సింప్సన్ ఇంజను. ఐర్లండు చిన్న కమతం కోసం పడిన ఆలోచన, మద్రాసు మీదుగా మన డెల్టాకు వచ్చిందన్నమాట.

మన దేశం మాత్రం మొదట పెద్ద బండ్లతోనే మొదలుపెట్టింది. 1947లో ఏర్పడిన కేంద్ర ట్రాక్టర్ల సంస్థ మధ్య భారతంలో రెల్లు గడ్డి పట్టిన బీళ్ళను లోతుగా దున్నించింది. అందుకు కావలసిన యంత్రాల కోసం 1949లో ప్రపంచ బ్యాంకు కోటి డాలర్ల అప్పు ఇచ్చింది. రైతు స్థాయి ట్రాక్టరు తయారీ తరువాతి మాట. 1959 ఏప్రిల్ 24న ఫరీదాబాద్‌లో ఐషర్ ట్రాక్టరు బయటికి వచ్చింది. ఒకే సిలిండరు, గాలితో చల్లబడే ఇంజను. ఆ శబ్దం విన్నవారు మరిచిపోరు. 1963లో మహీంద్రావారు ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో కలిసి కంపెనీ పెట్టారు. బి-275 అక్కడిది. 1971లో పింజోర్‌లో హెచ్.ఎం.టి. వారు చెకొస్లొవేకియా జెటర్ సహకారంతో 25 హార్స్‌పవర్ 2511 మొదలుపెట్టారు. ఆ కర్మాగారాన్ని మూసివేయాలని 2016లో కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. పూర్తిగా మన ఇంజనీర్లే రూపొందించిన స్వరాజ్ 724, దుర్గాపూర్ పరిశోధనాలయంలో పుట్టి 1974లో పంజాబులో తయారయింది. అదీ 25 తరగతిదే. చిన్న రైతును దృష్టిలో పెట్టుకున్న బండ్లు ఇవి.

ఇక నా సంగతి. 1981లో మా పరిధిలోని ఒక డెల్టా గ్రామం నుంచి ఆరెకరాల మాగాణి ఉన్న రైతు మాసీ 1035కి దరఖాస్తు పెట్టుకున్నారు. ఆయన పేరు, ఊరు పేరు వ్రాయను. నాకంటే పదేళ్ళు పెద్ద. నియమం ప్రకారం ట్రాక్టరు గిట్టుబాటు కావాలంటే ఏడాదికి వెయ్యి గంటలు నడవాలి. నేను నివేదికలో "సొంత పొలంలో 300 గంటలు, అద్దెకు 700 గంటలు" అని వ్రాసి సంతకం చేశాను. అప్పు మంజూరయింది. బండికి పసుపు రాసి, నిమ్మకాయలు తొక్కించి, ఊరంతా ఊరేగించారు. నాకూ ఒక కొబ్బరి చిప్ప ఇచ్చారు.

ఆ 300 గంటలు ఎక్కడివి? ఎకరానికి దుక్కి రెండు సాళ్ళు, దమ్ము, చదును కలిపి ఐదారు గంటలు. ఆరెకరాలకు 36 గంటలు. మా డెల్టాలో రెండవ పంట మినుము. వరి కోతకు ముందే చేలో చల్లుతాము, దానికి దుక్కే లేదు. ఎరువు, ధాన్యం, గడ్డి తోలకాలన్నీ కలుపుకున్నా వంద గంటలు దాటదు. మిగిలిన తొమ్మిది వందల గంటలు ఊళ్ళోవారి పొలాల్లో రావాలి. అదైనా ఎప్పుడు? కాలువకు నీళ్ళు వదిలిన మూడు వారాలలోనే దమ్ము అందరికీ కావాలి. తరువాత బండి చెట్టు క్రింద ఉండవలసిందే.

ఇంతకంటే పెద్ద తప్పు మరొకటి ఉన్నది. తరువాతి రెండేళ్ళలో ఆ ఊరికే ఇంకా నాలుగు ట్రాక్టర్లు వచ్చాయి. వాటిలో మూడింటి నివేదికలు నావే. ప్రతిదానిలోనూ అదే "అద్దెకు 700 గంటలు" వ్రాశాను. కాగితం మీద ఏ నివేదికకు ఆ నివేదిక సరిగ్గానే ఉన్నది. నివేదికలు అయిదు, ఊళ్ళో పొలం మాత్రం ఒక్కటే. ఒకరి అద్దె గంటలను మరొకరు తిన్నారు. గంట ధర పడిపోయింది. మొదట కొన్న ఆరెకరాల రైతు కిస్తీలు నిలిచిపోయాయి. 1984లో బండిని జప్తు చేసి మా ఆఫీసు ఆవరణలో పెట్టారు. పదకొండు నెలలు ఎండకు ఎండి, వానకు తడిసి అక్కడే ఉన్నది. నేను రోజూ దాని ప్రక్కగా నడిచి కుర్చీలో కూర్చునేవాడిని. చివరికి వేలంలో పట్టణంలోని ఒక మెకానిక్కు పాడాడు. మిగిలిన బాకీకి ఆ రైతు రెండెకరాలు అమ్ముకున్నారు.

కొన్నేళ్ళకు ఆ ఊరు వెళ్ళినప్పుడు ఆయన ఇంటికి వెళ్ళాను. మంచం వాల్చి, మజ్జిగ ఇప్పించారు. నేను ఏదో చెప్పబోతే ఆపి, "బండి మంచిదేనండీ సూపర్‌వైజర్ గారూ. లెక్కే తప్పింది" అన్నారు. ఆ లెక్క కట్టినది ఎవరో ఆయన అనలేదు. అనకపోవడమే నాకు ఇన్నేళ్ళు మిగిలిపోయింది.

ఇప్పుడు మిత్రుల ప్రశ్నకు వస్తాను. 2015-16 లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సగటు కమతం 0.94 హెక్టార్లు, తెలంగాణలో 1.00 హెక్టారు. అంటే రెండున్నర ఎకరాలు అటూ ఇటూ. కనుక ఇది మన ముగ్గురు నలుగురి ప్రశ్న కాదు.

మొదట గంటలు లెక్కపెట్టండి. తరువాత ఊళ్ళో ఉన్న ట్రాక్టర్లు లెక్కపెట్టండి. వరి మాత్రమే వేసే నాలుగెకరాలకు అద్దె బండే మేలు. నిమ్మ, బత్తాయి, మామిడి తోటలైతే ఏడాది పొడవునా సాళ్ళ మధ్య పని ఉంటుంది. అక్కడ 15 నుంచి 25 హార్స్‌పవర్ చిన్న బండి ఉపయోగమే. చెట్ల మధ్య దూరం, బండి వెడల్పు రెండూ టేపుతో కొలుచుకోండి. అమ్మేవారు చెప్పే హార్స్‌పవర్ ఇంజనుది. రోటావేటరుకు అందేది పీటీఓ దగ్గరి శక్తి, అది తక్కువ. మధ్యప్రదేశ్ బుద్నీలోని కేంద్ర సంస్థ ట్రాక్టర్లను పరీక్షించి ఇచ్చే నివేదికలో ఆ శక్తి, గంటకు డీజిలు ఖర్చు, లిఫ్టు ఎత్తగల బరువు అన్నీ ఉంటాయి. అడిగి చూడండి. మన అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కూడా వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షల కేంద్ర సంస్థ ఉన్నది.

పాత బండి మీద మోజు ఉంటే, అది మంచి మోజే. పాతవాటిలో విప్పి చూడలేని భాగమంటూ ఉండదు. కాని దగ్గరలో తెలిసిన మెకానిక్కు, విడిభాగాలు ఉన్న బండినే ఎంచుకోండి. ఉదయం చల్లగా ఉన్నప్పుడు మీ ఎదుట స్టార్టు చేయించండి. నీలం పొగ వదలకుండా వస్తుంటే ఆయిలు కాలుతున్నట్లు. బరువున్న గొర్రును లిఫ్టు మీద లేపి ఇంజను ఆపండి. చకచకా దిగిపోతే హైడ్రాలిక్‌కు పని ఉన్నది. ముందు చక్రాలు పట్టి ఊపి చూడండి. మన వృత్తి ధర్మం మరవవద్దు: ఆర్.సి.లో బ్యాంకు తాకట్టు నమోదు రద్దయిందో లేదో చూడండి, ఫారం 35 అడగండి.

నాకు అమ్మ తరఫున వచ్చిన నాలుగెకరాలు ఉన్నాయి. నేను ట్రాక్టరు కొనలేదు. ఆనాడు వేలంలో పాడిన మెకానిక్కు ఇప్పుడు లేడు గాని, అతని కుమారుడు ఆ 1035ను ఇంకా నడుపుతున్నాడు. ఇంజను రెండుసార్లు బోరు చేయించారు, రంగు మూడుసార్లు వేయించారు. పోయిన సార్వాకు నా చేను దుక్కి, దమ్ము దానితోనే చేయించాను. గట్టు మీద కూర్చుని గడియారం చూసి గంటలు పుస్తకంలో వ్రాసుకున్నాను. నాలుగెకరాలకు మొత్తం పంతొమ్మిది గంటలు.

1981లో ఆ రైతు గట్టు మీద ఒక్క పూట కూర్చుని ఉంటే నాకు ఈ అంకె అప్పుడే తెలిసేది. ఏ ట్రాక్టరు అని అడిగిన మిత్రులు ముందుగా మీ అంకె మీరు వ్రాసుకుని రండి. తరువాత కలిసి కూర్చుని మాట్లాడుకుందాం. సెలవు.