ఈసీజీ: ఉప్పునీళ్లలో మొదలైన గీత

1909లో బ్రిటన్ పార్లమెంటులో ఒక కుక్క గురించి ప్రశ్న వచ్చింది. జిమ్మీ అనే బుల్‌డాగ్‌ను రాయల్ సొసైటీలో జనం ముందు ఉప్పునీళ్ల గిన్నెల్లో కాళ్లు పెట్టించి నిలబెట్టారట, ఇది జంతుహింస కాదా అని ఒక సభ్యుడు నిలదీశాడు. హోంమంత్రి గ్లాడ్‌స్టన్ తాపీగా జవాబిచ్చాడు. నీళ్లలో కలిపింది మామూలు ఉప్పేనని, సముద్రంలో కాళ్లు తడుపుకున్నవాళ్లకు ఆ అనుభవం తెలిసే ఉంటుందని.

జిమ్మీ యజమాని అగస్టస్ వాలర్. ఆ ఉప్పునీళ్లు గుండె కరెంటును తీగలకు చేర్చే దారి. మనిషి ఒంటికి గాటు పెట్టకుండా గుండెలోని విద్యుత్తును మొదట నమోదు చేసింది ఆయనే.

గుండె కొట్టుకున్నప్పుడల్లా కరెంటు పుడుతుందన్న సంగతి అప్పటికే తెలుసు. 1856లో కోలికర్, ముల్లర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కప్ప కాలి నరాన్ని కొట్టుకుంటున్న గుండె మీద ఆనించారు. గుండె కదిలిన ప్రతిసారీ ఆ కాలు ఎగిరిపడింది. అప్పట్లో కప్ప కాలే మీటరన్నమాట. వాలర్ 1887లో లండన్ సెయింట్ మేరీస్ ఆస్పత్రిలో వాడింది వెంట్రుకంత సన్నని గాజుగొట్టం. అందులో పాదరసం, దాని పైన ఆమ్లం. కరెంటు తగిలితే పాదరసం మట్టం కదులుతుంది, దాని నీడ ఫొటో పలక మీద పడుతుంది. పలకను సమంగా ముందుకు నడపడానికి ఆయన ఎంచుకున్న వాహనం పిల్లలాడుకునే బొమ్మ రైలు!

అయితే పాదరసం బరువైనది, కదలడానికి బద్ధకిస్తుంది. గుండె వేగాన్ని అందుకోలేక గీత మొద్దుబారి వచ్చేది.

విల్లెం ఐంథోవెన్ ఈ లోపాన్నే పట్టుకున్నాడు. 1860లో జావా దీవిలోని సెమరాంగ్‌లో పుట్టి, నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ప్రొఫెసరైన మనిషి. పాదరసం ఎంత వెనకబడుతోందో లెక్కగట్టి, అసలు గీత ఎలా ఉండాలో కాగితం మీద సాధించాడు. 1895లో ఆ గీతలోని మలుపులకు పి, క్యూ, ఆర్, ఎస్, టి అని పేర్లు పెట్టాడు. ఈనాటికీ అవే పేర్లు. కానీ ఒక్కో రోగికీ అన్నేసి లెక్కలు ఎవరు చేస్తారు? పరికరమే మారాలి.

ఐంథోవెన్ కొత్త పరికరం కోసం క్వార్ట్జ్‌ను కరిగించి, బాణానికి అంటించి వదిలేవాళ్లు. బాణం వెంట కంటికి ఆననంత సన్నని పోగు సాగి వచ్చేది. దానికి వెండి పూత పూసి, పెద్ద విద్యుదయస్కాంతం ధ్రువాల మధ్య బిగించారు. గుండె కరెంటు పారితే పోగు పక్కకు జరుగుతుంది, ఆ నీడే గీత. బరువు లేదు కాబట్టి బద్ధకమూ లేదు. 1901లో ప్రకటించిన ఈ యంత్రం మాత్రం దాదాపు 270 కిలోలు, నడపడానికి ఐదుగురు, అయస్కాంతం వేడెక్కకుండా నీళ్ల ఏర్పాటు. రోగి రెండు చేతులూ ఎడమ కాలూ ఉప్పునీళ్ల పాత్రల్లో పెట్టి కూర్చోవాలి.

అంత యంత్రాన్ని ఆస్పత్రికి మోసుకెళ్లలేరు, రోగులను ల్యాబ్‌కు రప్పించలేరు. 1905లో ఐంథోవెన్ కిలోమీటరున్నర దూరంలోని ఆస్పత్రికి టెలిఫోన్ తీగ వేయించాడు. రోగి అక్కడ, గీత ఇక్కడ.

ఇంత జరిగాక, 1911లో కూడా, ఆస్పత్రుల్లో దీని వాడకం పెద్దగా ఉండకపోవచ్చనే వాలర్ అభిప్రాయం. దారి తీసినవాడికే ఆ దారి ఎటు పోతుందో తెలియలేదు. ఐంథోవెన్‌కు 1924లో నోబెల్ వచ్చింది.

గీత దొరికింది సరే, దాని అర్థం మెల్లగా తేలింది. 1907లో కీత్, ఫ్లాక్‌లు కుడి కర్ణికలో సైనస్ నోడ్‌ను గుర్తించారు. గుండె ప్రేరణ పుట్టేది అక్కడే. అది కర్ణికల్లో పాకితే పి. జఠరికలను ఒక్కసారిగా తాకితే నిటారుగా లేచే క్యూఆర్ఎస్. జఠరికలు తిరిగి సిద్ధమవుతుంటే టి. కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్లు నడుస్తుంది కాబట్టి ఒక్కో పెద్ద గడి 0.2 సెకను. రెండు ఆర్‌ల మధ్య ఎన్ని పెద్ద గడులున్నాయో లెక్కపెట్టి 300ను దానితో భాగించండి, నిమిషానికి గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటోందో వస్తుంది. లయ సరిగ్గా ఉంటేనే సుమా.

ఐంథోవెన్ చేతులు, కాలి నుంచి గుండెను చూసిన కోణాలు మూడు, వీటినే లీడ్‌లంటారు. ఛాతీ మీది ఆరు లీడ్‌ల స్థానాలు 1938లో ఖాయమయ్యాయి, 1942లో గోల్డ్‌బర్గర్ మరో మూడు చేర్చాడు. తగిలించేవి పది తీగలే అయినా గుండెను చూసే కోణాలు పన్నెండు. కుడికాలి తీగ అసలు గీతలో పాల్గొనదు, చుట్టుపక్కల కరెంటు గోల అణచడమే దాని పని.

మొదట్లో ఈసీజీ లయ తప్పిన గుండెల కోసమే. గుండెపోటులో ఎస్‌టి భాగం పైకి లేస్తుందని 1920లో పార్డీ చూపించాక దాని దశ తిరిగింది. ఇవాళ తెలుగు రాష్ట్రాల్లో స్టెమీ (ఎస్‌టి లేచిన గుండెపోటు) కార్యక్రమం కింద చిన్న ఊరి ఆస్పత్రిలో తీసిన ఈసీజీని నగరంలోని గుండె డాక్టరు చూసి చెబితే, గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఊళ్లోనే ఇస్తున్నారు. లైడెన్ టెలిఫోన్ తీగ చేసిన పనే ఇది.

ఛాతీ నొప్పితో వెళ్తే పది నిమిషాల్లో ఈసీజీ తీయాలన్నది వైద్యుల నియమం. అది మామూలుగా వచ్చినా గుండెపోటు లేదని తేల్చినట్టు కాదు, నొప్పి తగ్గకపోతే మళ్లీ తీయించాలి. పాత ఈసీజీ పక్కన పెట్టి చూస్తే కొత్త మార్పు డాక్టరుకు చప్పున దొరుకుతుంది. ఈసీజీ గీసే థర్మల్ కాగితం కొన్నాళ్లకు వెలిసిపోతుంది, అందుకే ఇంటికి రాగానే ఒక జిరాక్స్ తీయించి ఫైల్లో పెట్టుకోండి.