తెలుగు నేలపై ప్రకృతి వైద్య, పోషకాహార దూరవిద్య: ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

ప్రకృతి వైద్యం, పోషకాహార శాస్త్రం తెలుగువారికి రెండు వేర్వేరు దారుల్లో చేరాయి. మొదటిది 19వ శతాబ్దం చివర ఒక అనువాద గ్రంథం ద్వారా వచ్చింది. రెండవది ప్రయోగశాల నుంచి వచ్చింది. కళాశాల గడప తొక్కలేని వారికి ఈ విజ్ఞానాన్ని అందించే ప్రయత్నమే ఈ రంగంలోని దూరవిద్య చరిత్ర. లూయీ కూనే గ్రంథానికి తెలుగు అనువాదం వెలువడిన 1894 ప్రాంతం మొదలుకొని 2025లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం తీసుకున్న నిర్ణయం వరకు ఆ చరిత్రను పరిశీలించి, దూరవిద్యలోని ‘దూరం’ అనే భావనను రెండుగా విడదీసి చూడవలసిన అవసరాన్ని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: ప్రకృతి వైద్యం, పోషకాహారం, దూరవిద్య, అనువాదం, సార్వత్రిక విశ్వవిద్యాలయం, దంపుడు బియ్యం.

1. ఉపోద్ఘాతం

‘లంఖణం పరమౌషధం’ అనే లోకోక్తి తెలియని తెలుగు ఇల్లు ఉండదు. జ్వరం వస్తే ఏం పెట్టాలి, బాలింతకు ఏది పథ్యం, ఏ కాలంలో ఏ కూర మంచిది అన్న జ్ఞానం తరతరాలుగా వంటింట్లోనే బోధన, వంటింట్లోనే పరీక్షగా సాగింది. దానికి పాఠ్యప్రణాళిక లేదు, పట్టా లేదు. ఆధునిక కాలంలో ఆ జ్ఞానంలో కొంత భాగం శాస్త్రమైంది, మరికొంత భాగం ఉద్యమమైంది. శాస్త్రంగా, ఉద్యమంగా మారిన తరువాత దానిని ఎవరు నేర్చుకోవాలి, ఎక్కడ నేర్చుకోవాలి, ఏ భాషలో నేర్చుకోవాలి అనే ప్రశ్నలు తలెత్తాయి. ఈ వ్యాసం ఆ మూడు ప్రశ్నలను కాలక్రమంలో అనుసరిస్తుంది.

2. పుస్తకమే గురువు

జర్మనీలోని లైప్జిగ్ నగరంలో లూయీ కూనే (1835–1901) 1883లో చికిత్సాలయం నెలకొల్పాడు. ఆయనకు వైద్య పట్టా లేదు. రోగాలన్నిటికీ మూలం ఒక్కటేనని, దేహంలో పేరుకొన్న మలిన పదార్థమే ఆ మూలమని ఆయన సిద్ధాంతం. తొట్టిస్నానం, ఆవిరి స్నానం, మసాలాలు లేని శాకాహారం ఆయన చికిత్సా సాధనాలు. ఆయన రచించిన ‘నూతన చికిత్సా శాస్త్రం’ అనేక భాషలలోకి వెళ్లింది. 1894 ప్రాంతంలో ద్రోణంరాజు వెంకటచలపతి శర్మ దానిని తెలుగు చేశారు. భారతదేశంలో ప్రకృతి వైద్య ఉద్యమానికి ఈ తెలుగు అనువాదమే నాందిగా ఆయుష్ విభాగపు గ్రంథాలు పేర్కొంటున్నాయి. బిజ్నోరుకు చెందిన శ్రోతి కిషన్ స్వరూప్ చేసిన హిందీ, ఉర్దూ అనువాదాలు 1904లో, అంటే దశాబ్దం తరువాత, వచ్చాయి.

ఈ క్రమంలో గమనించవలసిన అంశం ఒకటుంది. కళాశాల వెలిసి, తరువాత పాఠ్యపుస్తకం రావడం సాధారణ పద్ధతి. ఇక్కడ పుస్తకం ముందు వచ్చింది. కళాశాల రావడానికి ఆ పైన అర్ధ శతాబ్దానికి మించి పట్టింది. మధ్యకాలంలో నేర్చుకున్నవారిలో అధికులు గురుముఖతః కాక గ్రంథముఖతః నేర్చుకున్నవారే. ఆ అర్థంలో తెలుగునాట ప్రకృతి వైద్య విద్య దూరవిద్యగానే పుట్టిందని చెప్పవచ్చు. ఇంగ్లీషు రానివాడికి తొట్టిలో నీళ్లు ఎంత ఉండాలో తెలుగులో చదివి తెలుసుకునే వీలు కలగడం ఆనాటికి చిన్న విషయం కాదు.

అయితే ఆ విద్యకున్న పరిమితి కూడా ఆ గ్రంథంలోనే ఉంది. ముఖాన్ని, మెడను పరిశీలించి రోగ మూలాన్ని కనిపెట్టవచ్చని కూనే బోధించాడు. ఈ పద్ధతిని ఆధునిక వైద్యం అంగీకరించలేదు. రోగాలన్నీ ఒక్కటే అన్న సిద్ధాంతం కూడా నిలబడలేదు. తప్పు చదివిన పాఠకుడిని సరిదిద్దే శక్తి పుస్తకానికి లేదు. రచయితే పొరబడితే పాఠకుడూ ఆ పొరబాటునే ఆచరిస్తాడు.

3. గాంధీజీ మార్గం, ఆశ్రమం, కళాశాల

గాంధీజీ సైతం ఈ విద్యను మొదట పుస్తకాల ద్వారానే నేర్చుకున్నారు. దక్షిణాఫ్రికాలో ఉండగా కూనే గ్రంథాన్ని, ఆడాల్ఫ్ జస్ట్ రచించిన ‘ప్రకృతికి పునరాగమనం’ అనే గ్రంథాన్ని చదివి, మట్టిపట్టీలు, నీటి చికిత్సలు తనపైనా, తనవారిపైనా ప్రయోగించారు. 1913లో ‘ఇండియన్ ఒపీనియన్’ పత్రికలో ఆరోగ్యంపై గుజరాతీలో వ్యాసమాల రాశారు. 1942 తరువాత ఆగాఖాన్ భవన నిర్బంధంలో అదే విషయాన్ని మళ్లీ చేపట్టి కొత్తగా రాశారు. చదివినది ప్రయోగించడం, ప్రయోగించినది సామాన్యుడి భాషలో పత్రిక ద్వారా పంచడం ఆయన పద్ధతి.

1945 నవంబరు 18న పుణేలో ప్రకృతి చికిత్స కోసం ఏర్పడిన అఖిల భారత ధర్మకర్తల సంస్థలో గాంధీజీ భాగస్వామి అయ్యారు. కాని నగరంలోని చికిత్సాలయానికి గ్రామీణ పేదలు రాలేరని గ్రహించి, 1946 మార్చిలో ఉరుళీకాంచన్ గ్రామానికి తరలి అక్కడ పని ప్రారంభించారు. పేదవాడు విద్య దగ్గరకు, వైద్యం దగ్గరకు రాలేకపోతే అవే అతని దగ్గరకు వెళ్లాలన్న ఈ సూత్రం దరిమిలా వచ్చిన సార్వత్రిక విద్య భావనకు చాలా దగ్గరగా ఉంది.

తెలుగు ప్రాంతంలో భీమవరంలో వేగిరాజు కృష్ణంరాజు స్థాపించిన ప్రకృతి ఆశ్రమం, హైదరాబాదులోని ప్రకృతి చికిత్సాలయం, దానితో ముడిపడిన గాంధీ ప్రకృతి వైద్య కళాశాల ఈ విద్యకు సంస్థాగత రూపమిచ్చాయి. నేడు ప్రకృతి వైద్య, యోగ విజ్ఞాన పట్టా (బీఎన్‌వైఎస్) నాలుగున్నర సంవత్సరాల చదువు, ఒక సంవత్సరం ఇంటర్న్‌షిప్ కలిసిన పూర్తికాల కోర్సు. పుస్తకంతో మొదలైన విద్య ఈ విధంగా రోగి పడక పక్కకు చేరింది. ఇది అవసరమైన మార్పు. కాని ఆ మార్పుతో స్వయంగా చదువుకునే పాఠకుడు చిత్రం నుంచి తప్పుకున్నాడు.

4. బియ్యపు గింజ చెప్పిన పాఠం

పోషకాహార శాస్త్రం ఇందుకు భిన్నమైన దారిలో వచ్చింది. 1918లో కూనూరులోని పాశ్చర్ సంస్థలో ఒకే ఒక గదిలో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి వ్యాధిపై పరిశోధన ప్రారంభించాడు. ఆ విభాగమే 1928లో పోషకాహార పరిశోధనశాలలుగా విస్తరించి, 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది.

ఈ పరిశోధనలో తెలుగు నేలకు ప్రత్యక్ష సంబంధం ఉంది. ఆనాడు మద్రాసు రాజధానిలో బెరిబెరి ప్రధానంగా ఉత్తర సర్కారుల తీరప్రాంతంలో కనిపించేది. అక్కడివారు పచ్చి వడ్లను మర పట్టించిన తెల్లని బియ్యం తినేవారు. ఉప్పుడు బియ్యం తినే తమిళ ప్రాంతాలలో ఈ వ్యాధి అరుదు. వడ్లను నానబెట్టి ఉడికించినప్పుడు తవుడులోని బి1 విటమిను గింజ లోపలికి ఇంకుతుంది. అందుచేత మర పట్టినా కొంత మిగులుతుంది. పచ్చి బియ్యంలో తవుడుతోపాటే అది పోతుంది. మిగిలిన కొద్దిపాటి విటమిను కూడా పలుమార్లు కడగడం వల్ల, గంజి వార్చడం వల్ల నష్టమవుతుంది. దంపుడు బియ్యం నుంచి మరబియ్యానికి మారడం సౌకర్యంగా తోచిన ఇంటికే వ్యాధి వచ్చింది.

హైదరాబాదుకు తరలిన తరువాత ఇదే సంస్థ జొన్న ప్రధానాహారంగా గల దక్కను ప్రాంతపు పేదలలో కనిపించే పెల్లాగ్రా వ్యాధిని అధ్యయనం చేసింది. సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతయ్య 1960లో జొన్నలోని ల్యూసిన్ అనే ఆమైనో ఆమ్లానికి ఈ వ్యాధితో గల సంబంధాన్ని ప్రతిపాదించారు.

ఈ రెండు ఉదాహరణలు ఒక సత్యాన్ని తెలుపుతున్నాయి. పోషకాహార విజ్ఞానం ప్రయోగశాలలో పుట్టినా దాని ఫలితం వంటింట్లోనే తేలుతుంది. గంజి వార్చవద్దన్న మాట పరిశోధన పత్రికలో అచ్చయినంత మాత్రాన సరిపోదు; అన్నం వండే మనిషికి, ఆమె భాషలో, కారణంతో సహా చేరాలి. పోషకాహార దూరవిద్యకు మూలమైన హేతువు ఇదే.

5. సార్వత్రిక విశ్వవిద్యాలయ యుగం

1982 ఆగస్టు 26న ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. దేశంలో ఇదే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1991లో దీనికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. తొలి ఉపకులపతి ఆచార్య జి. రామ్‌రెడ్డి 1985లో స్థాపితమైన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి (ఇగ్నో) కూడా తొలి ఉపకులపతి అయ్యారు. ఇంటర్మీడియెట్ లేనివారు అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు, తెలుగు మాధ్యమపు పాఠ్యగ్రంథాలు, సెలవు రోజుల సంపర్క తరగతులు, ఆకాశవాణి పాఠాలు ఈ వ్యవస్థకు ప్రాణం. చదువు మధ్యలో ఆగిపోయిన గృహిణులు, చిరుద్యోగులు దీనివల్ల మళ్లీ పుస్తకం పట్టారు.

ఆహారం, పోషణ విషయంలో ఈ రెండు విశ్వవిద్యాలయాలూ సర్టిఫికెట్ స్థాయి కార్యక్రమాలు నడిపాయి. స్నాతకోత్తర స్థాయిలో ఇగ్నో ‘ఆహార చికిత్స, ఆహార సేవా నిర్వహణ’ అనే ఎమ్మెస్సీని ప్రవేశపెట్టింది. ఇందులో పాఠాలు ఇంటికి వచ్చినా, ప్రయోగశాల తరగతులకు, ఇంటర్న్‌షిప్‌కు విద్యార్థి స్వయంగా వెళ్లవలసిందే. గ్రంథముఖంగా నేర్చే విద్యలో కూనే కాలం నుంచి ఉన్న లోపాన్ని ఈ నమూనా గుర్తించి సవరించింది.

6. గుర్తింపు ప్రశ్న

దూరవిద్య పేరిట జరిగినదంతా మేలు కాదు. అమెరికాలోని అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్ నగరంలో 1980లో మొదలైన క్లేటన్ సహజ ఆరోగ్య కళాశాల పూర్తిగా దూరవిద్య ద్వారా ప్రకృతి వైద్యంలో, పోషణలో స్నాతకోత్తర పట్టాలు సైతం ఇచ్చింది. దానికి అమెరికా విద్యాశాఖ ఆమోదించిన సంస్థల గుర్తింపు లేదు. 2010లో అది మూతపడి, చదువు మధ్యలో ఉన్నవారు దిక్కుతోచని స్థితిలో పడ్డారు. పాఠం ఇంటికి పంపడం సులభం. పట్టాకు విలువ కల్పించడం, విద్యార్థి రోగిని ఎలా చూస్తున్నాడో పరీక్షించడం సులభం కాదని ఈ ఉదంతం నిరూపించింది.

భారతదేశంలో విశ్వవిద్యాలయ నిధుల సంఘం వైద్యం, నర్సింగ్, ఫార్మసీ వంటి వృత్తి కోర్సులను దూరవిద్యలో ముందే నిషేధించింది. పోషకాహార నిపుణుల వృత్తిని 2021 నాటి జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం తన పరిధిలోకి తెచ్చింది. దానిని అనుసరించి ఆ చట్టం కిందికి వచ్చే కార్యక్రమాలను, ఆహార పోషణ శాస్త్రం, ఆహార చికిత్స సహా, 2025 జూలై–ఆగస్టు ప్రవేశాల నుంచి దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతుల్లో నిర్వహించరాదని నిధుల సంఘం 2025 ఆగస్టులో విశ్వవిద్యాలయాలకు తెలిపింది.

7. రెండు దూరాలు

ఈ నిర్ణయాన్ని చరిత్ర వెలుగులో పరిశీలించినప్పుడు దూరవిద్యలో రెండు దూరాలు ఉన్నాయని తేలుతుంది. ఒకటి, విద్యార్థికీ కళాశాలకూ మధ్య ఉన్న దూరం. ఊరు, పేదరికం, వివాహం, ఉద్యోగం, భాష కలిసి ఏర్పరిచిన దూరం ఇది. రెండవది, విద్యార్థికీ రోగికీ మధ్య ఉన్న దూరం. మొదటి దూరాన్ని పుస్తకం, రేడియో, అధ్యయన కేంద్రం తగ్గించగలవు. రెండవ దూరాన్ని తగ్గించడం వాటి వల్ల కాదు. అందుకు ఆసుపత్రి కావాలి, పర్యవేక్షించే గురువు కావాలి.

2025 నిర్ణయం రెండవ దూరాన్ని దృష్టిలో పెట్టుకున్నది. మూత్రపిండ రోగికి ఆహారం నిర్ణయించే వ్యక్తి ఇంట్లో కూర్చుని పట్టా పొందడం ప్రమాదమే. ఆ మేరకు నిర్ణయం సమంజసం. అయితే దాని వల్ల మొదటి దూరం పెరిగింది. మారుమూల మండలంలో అంగన్వాడీ నడుపుతూ, సంసారం చూసుకుంటూ, పోషణను శాస్త్రంగా చదవాలనుకునే స్త్రీకి పూర్తికాల కళాశాల ప్రత్యామ్నాయం కాదు. ఆమె కోరేది చికిత్స చేసే అధికారం కాకపోవచ్చు. తాను రోజూ వండించే అన్నం గురించి కారణంతో కూడిన జ్ఞానం కావచ్చు. వృత్తి పట్టాకూ, ప్రజా విజ్ఞానానికీ ఒకే నియమం వర్తింపజేస్తే ఆ అవకాశం కూడా మూసుకుపోతుంది.

8. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు మూడు. మొదటిది, తెలుగునాట ప్రకృతి వైద్య విద్య ఒక అనువాద గ్రంథంతో, అంటే దూరవిద్య రూపంలోనే ఆరంభమైంది. రెండవది, పోషకాహార శాస్త్రం తెలుగువారి అన్నాన్ని పరిశోధించి ఎదిగింది. కనుక అది తెలుగులో అందరికీ తిరిగి చేరడం న్యాయం. మూడవది, చికిత్సాధికారాన్నిచ్చే పట్టా రోగి సమక్షంలోనే సంపాదించవలసినది కాగా, ఆరోగ్యాన్ని కాపాడుకునే విజ్ఞానానికి అటువంటి షరతు అక్కరలేదు.

కావున పట్టాలతో నిమిత్తం లేకుండా, ప్రామాణికమైన పోషకాహార పాఠాలను తెలుగులో రాయించి, నిపుణులచేత సరిచూపించి ప్రజలకు అందించే బాధ్యతను విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు, గృహవిజ్ఞాన శాఖలు కలిసి స్వీకరించవలసి ఉంది. 1894 ప్రాంతంలో ఒక అనువాదకుడు ఒంటరిగా చేసిన పని అది. ఆనాడు ఆ గ్రంథంలోని తప్పును సరిదిద్దే సంస్థ తెలుగు నేలపై లేదు. నేడు ఉంది. సరిచూసిన పాఠం ఇంటికి చేరకపోతే, సరిచూడని పాఠం ఎలాగూ చేరుతుంది.