ఎప్పటికైనా పనికొస్తుంది

2002లో ఒక వార్త వచ్చింది: నాసావాళ్ళు ఈబేలో పాత సామాను కొంటున్నారని. స్పేస్ షటిల్ బూస్టర్లని పరీక్షించే యంత్రాల్లో ఇంటెల్ 8086 చిప్పులు ఉండేవి. కొత్తవి దొరకట్లేదు. దాంతో పాతబడిపోయిన వైద్య పరికరాలు కొని, వాటిలోంచి 8086లు పీకి దాచుకోవడం మొదలుపెట్టారు. కాలేజీ మైక్రోప్రాసెసర్ ల్యాబులో ఆ చిప్పుతో కుస్తీ పట్టిన మనలో చాలామందికి అదెప్పుడు పోతుందా అనిపించి ఉంటుంది. నాసావాళ్ళకి మాత్రం అది పోతే పని ఆగిపోతుంది :)

నాసా కంటే చాలా ముందు నుంచీ ఇదే పని చేస్తున్నవాళ్ళు ఇంకొకళ్ళున్నారు. పాత సైకిళ్ళ వాళ్ళు. అమెరికాలో, ఇంగ్లండులో, జపాన్‌లో 1960ల, 70ల సైకిళ్ళు తొక్కేవాళ్ళ గ్యారేజీల్లో చూస్తే డబ్బాల నిండా కోన్లు, కప్పులు, ఫ్రీవీళ్ళు, కాటర్ పిన్నులు ఉంటాయి. ఎప్పుడో తయారై, ఇప్పటిదాకా ఎవరూ వాడకుండా పెట్టెలోనే ఉండిపోయిన సామానుకి వాళ్ళు పెట్టుకున్న పేరు 'న్యూ ఓల్డ్ స్టాక్'. మన ఇళ్ళల్లో పాత హార్లిక్స్ సీసాలో నట్లు, బోల్టులు వేసి "ఎప్పటికైనా పనికొస్తుందిలే" అనుకోవడం లాంటిదే. కాకపోతే వీళ్ళ పిచ్చి వెనక ఒక చరిత్ర ఉంది, అది మన సాఫ్టువేరు జనాలకి బాగా తెలిసిన చరిత్రే. స్టాండర్డ్‌ల గొడవ.

రెండు క్రాంకుల మధ్య ఇరుసు తిరిగే భాగాన్ని బాటమ్ బ్రాకెట్ అంటారు. దాని రెండు పక్కలా రెండు కప్పులు మరలాగా బిగుస్తాయి. ఇంగ్లీషువాళ్ళ మర 1.37 అంగుళాల వ్యాసం, అంగుళానికి 24 చుట్లు. ఫ్రెంచివాళ్ళది 35 మిల్లీమీటర్లు, చుట్టుకి 1 మిల్లీమీటరు. ఇటలీవాళ్ళది ఇంకా తమాషా: వ్యాసం మిల్లీమీటర్లలో 36, చుట్లు మాత్రం అంగుళానికి 24! ఇక నాటింగ్‌హామ్‌లోని రాలీ కంపెనీ అయితే ఇంగ్లండులోనే ఉంటూ ఇంగ్లీషు మర కాదని, అంగుళానికి 26 చుట్లతో సొంత కుంపటి పెట్టుకుంది. కొన్నవాడు మళ్ళీ మన దగ్గరికే రావాలి అనే ఆలోచన రెడ్మండ్‌లో పుట్టింది కాదన్నమాట.

ఇందులో అసలైన ఇంజనీరింగ్ తేడా కూడా ఒకటుంది. తొక్కుతున్నప్పుడు లోపల బాల్సు దొర్లుతూ కప్పుని, క్రాంకు తిరిగే దిక్కుకి ఎదురుగా కొంచెం కొంచెం తిప్పుతుంటాయి. కుడివైపు కప్పుకి మామూలు మర పెడితే అది మెల్లగా ఊడుతుంది. అందుకే ఇంగ్లీషువాళ్ళు కుడివైపున ఎడమ మర పెట్టారు. ఫ్రెంచి, ఇటాలియన్ వాళ్ళు రెండు వైపులా మామూలు మరే పెట్టి, గట్టిగా బిగిస్తే చాలనుకున్నారు. ఏదో ఒకరోజు కప్పు ఊడి, మర పాడైతే... అక్కడ మొదలవుతుంది వేట.

1970ల మొదట్లో అమెరికాలో సైకిళ్ళ మోజు వచ్చింది. 1973 ఒక్క ఏడాదే కోటిన్నరకి పైగా అమ్ముడయ్యాయి. అక్కడి కంపెనీలు పదిగేర్ల సైకిళ్ళు అంత వేగంగా చెయ్యలేకపోవడంతో ఫ్రాన్సు నుంచి ప్యూజో, మోటోబెకాన్, జిటాన్ వగైరా ఓడలకి ఓడలు దిగాయి. చాలామంది నెలరోజులు తొక్కి గ్యారేజీలో పడేశారు. ఆ తరవాత ఫ్రెంచి కంపెనీలు ఒక్కొక్కటే తమ మర వదిలేసి, 1980లకల్లా ఇంగ్లీషు మరకి వచ్చేశాయి. అంటే సైకిళ్ళు బతికే ఉన్నాయి, వాటి స్టాండర్డ్ చచ్చిపోయింది! హ్యాండిల్ దిగే కాడ ఇంగ్లీషుది 22.2 మిల్లీమీటర్లు, ఫ్రెంచిది 22.0. ఆ 0.2 కోసం జనాలు కాడని గరుకు కాగితంతో అరగదీసి దించారు. క్రాంకు ఊడదీసే పనిముట్టు కూడా మామూలు కంపెనీలకి 22 మిల్లీమీటర్లు అయితే టి.ఏ. వాళ్ళది 23, స్ట్రాంగ్‌లైట్ వాళ్ళది 23.35. ఫ్రీవీళ్ళయితే ఒక్కో కంపెనీకి ఒక్కో రకం గాడి. ఆ పనిముట్టు లేకపోతే ఫ్రీవీల్‌ని పగలగొట్టి తియ్యడమే. కాబట్టి తెలివైనవాళ్ళు ముందు దాచుకున్నది పార్టు కాదు, దాన్ని ఊడదీసే పనిముట్టు. సోర్స్ కోడ్ ఉండి కంపైలర్ లేకపోతే ఏం లాభం?

జపాన్ కథ ఇంకో రకం. సన్‌టూర్ కంపెనీ 1964లో గేరు మార్చే డెరెయిలర్‌ని ఏటవాలుగా పెట్టి అద్భుతంగా పనిచేయించింది. పేటెంటు గడువు తీరే దాకా మిగిలినవాళ్ళు దాన్ని ముట్టుకోలేకపోయారు. తీరగానే షిమానో అదే ఆలోచన తీసుకుని, మీట ఒక్కో టిక్కుకి ఒక్కో గేరు పడే పద్ధతి జోడించి, 1980ల నడిమిలో డ్యూరా-ఏస్‌లో దించింది. తొక్కేవాడికి సుఖమే. కానీ అంతకుముందు మీట ఒక కంపెనీది, డెరెయిలర్ ఒకటి, చైను ఇంకొకటి ఉన్నా చేత్తో సవరించుకుంటే నడిచిపోయేది. టిక్కులొచ్చాక అన్నీ ఒకే కుటుంబానివి కావాలి. ఒకటి పోతే నాలుగు పోయినట్టే. పాత సామాను దాచుకునేవాళ్ళ లెక్క ఇక్కడే మారిపోయింది: విడి భాగాలు కాదు, సెట్లు దాచాలి. సన్‌టూర్ ఆ దెబ్బ నుంచి కోలుకోలేదు. నా ఓటు మాత్రం ఇప్పటికీ సన్‌టూర్‌కే.

షిమానోవాళ్ళదే ఇంకో ముచ్చట. వాళ్ళ యూనిగ్లైడ్ పళ్ళచక్రాలు రెండు వైపులా ఒకేలా ఉండేవి, ఒకవైపు అరిగిపోతే తిరగేసి వేసుకోవచ్చు. దోసె తిరగేసినట్టు! 1980ల చివర్లో వాటి స్థానంలో హైపర్‌గ్లైడ్ వచ్చింది. కొత్త చక్రాల లోపలి పన్ను ఒకటి ఆకురాయితో అరగదీస్తే పాత హబ్బు మీద కూర్చుంటాయి. ఒక్క చివరి చిన్న చక్రం తప్ప. దానికి మర ఉండాలి, అదే మిగతా వాటిని పట్టి ఉంచేది. అందుకని యూనిగ్లైడ్ హబ్బున్నవాళ్ళు మొత్తం సెట్టు కాకుండా ఆ చివరి చక్రాలే పోగేసుకున్నారు. డిపెండెన్సీ ఎక్కడుందో తెలిసి దాచుకోవడమంటే ఇదీ.

అన్నీ దాస్తే నిలుస్తాయా అంటే, లేదు. ఉక్కు, అల్యూమినియం కొంచెం నూనె రాసి పెడితే మనకంటే ఎక్కువ కాలం ఉంటాయి. రబ్బరు ఉండదు. క్యాంపగ్నోలో బ్రేకు మీటల మీది రబ్బరు తొడుగులు పెట్టెలో ఉన్నా చీలిపోతాయి. రేసు టైర్ల విషయంలో పాతకాలం వాళ్ళకి ఒక నమ్మకం ఉండేది. చీకటి గదిలో ఏళ్ళ తరబడి మాగబెడితే గట్టిపడి పంక్చర్లు తగ్గుతాయని, ఆవకాయ లాగా. హ్యూలెట్ ప్యాకార్డ్‌లో పనిచేసిన ఇంజనీరు జోబ్స్ట్ బ్రాండ్ట్ (1935-2015), సైకిల్ చక్రం మీద 1981లో పుస్తకం రాసినాయన, ఇది వట్టి మాటని తేల్చేశాడు. రబ్బరు కాలంతో పాటు పాడవుతుందే తప్ప బాగుపడదు. అయినా నమ్మేవాళ్ళు నమ్ముతూనే ఉన్నారు.

1997లో ఇటలీలోని గాయోలే ఇన్ కియాంటిలో లెరోయికా అని మట్టిరోడ్ల మీద పాత సైకిళ్ళ యాత్ర మొదలైంది. మొదటిసారి వచ్చింది 92 మంది. తరవాత వేలల్లో వచ్చారు. 1987కి ముందు తయారైన రేసు సైకిలే తేవాలన్నది అక్కడి నియమం. దీనివల్ల పాత సైకిళ్ళకి గౌరవం వచ్చింది, పాత సామానుకి రేటూ వచ్చింది. తొక్కడానికి దాచేవాడు, అద్దాల బీరువాలో పెట్టడానికి కొనేవాడు ఒకే పెట్టె కోసం పోటీ పడితే ఓడిపోయేది తొక్కేవాడే. ఒకడు ఆరు కప్పులు దాచుకుంటే ఇంకో ఐదుగురి సైకిళ్ళు మూలపడతాయి. దాచుకోవడాన్ని వెనకేసుకొచ్చేవాళ్ళు ఈ మాటకి సరిగ్గా జవాబు చెప్పగా నేను వినలేదు. 2020-21లో కొత్త సైకిళ్ళకే చైన్లు, క్యాసెట్లు దొరక్క దుకాణాలు చేతులెత్తేసినప్పుడు మాత్రం "చూశారా, మేం చెప్పలేదూ" అన్నారు.

దాచినాయన పోతే ఆ డబ్బాలో ఏముందో ఇంట్లో ఎవరికీ తెలియదు, తూకానికి వెళ్తుంది. ఈ సమస్యకి నిజంగా ఉపయోగపడ్డ మనిషి షెల్డన్ బ్రౌన్ (1944-2008). మసాచుసెట్స్‌లో ఒక సైకిల్ దుకాణంలో పనిచేస్తూ ఏ మర దేనికి సరిపోతుందో, లేకపోతే ఏం చెయ్యాలో కొలతలతో సహా అన్నీ రాసి అందరికీ ఇచ్చేశాడు. ఆయన పనిచేసిన హ్యారిస్ సైక్లరీ 2021లో మూతపడింది. ఆయన రాసినవి ఇంకా వాడుతున్నారు.

ఇక మన సంగతి. రాడ్ బ్రేకుల పాత రాలీ ఉన్న విదేశీయుడికి 28 × 1½ టైరు కావాలంటే దొరికేవాటిలో మన దేశంలో తయారైనవి ఉంటాయి. అక్కడ చచ్చిపోయిన స్టాండర్డ్ ఇక్కడ పాలవాళ్ళ సైకిళ్ళ కింద బతికే ఉంది మరి. మద్రాసులో 1949లో మొదలైన టీఐ సైకిల్స్, లూధియానాలో 1956లో మొదలైన హీరో చేసిన నల్ల సైకిళ్ళన్నీ ఆ ఇంగ్లీషు సైకిలు సంతానమే. మా ఊళ్ళో సైకిల్ షాపాయన కాటర్ పిన్నులు అడిగితే రేకు డబ్బాలోంచి గుప్పెడు తీసి బల్ల మీద పోశాడు. "ఎన్ని కావాలి బాబూ, ఇప్పుడు అడిగేవాళ్ళు తగ్గిపోయారు" అన్నాడు. నాన్న సైకిల్ కోసం నాలుగు జతలు తీసుకున్నాను. టైర్లు కూడా ఉన్నాయన్నాడు కానీ, అవి కొనలేదు.