బొటనవేలికి అందని గుణింతం

గల్ఫ్ సమాచార సాంకేతిక చరిత్రలో రెండు ముఖ్యమైన సంస్థలు ఒక్క ఏడాది తేడాతో కువైట్‌లోనే పుట్టాయి. 1982లో మహమ్మద్ అల్ షారిఖ్ అల్ అలామియా సంస్థను నెలకొల్పాడు. అరబ్బీ కంప్యూటర్లకు మారుపేరైన ‘సఖ్ర్’ దాని నుంచే వచ్చింది. 1983లో మొబైల్ టెలికమ్యూనికేషన్స్ కంపెనీ ఏర్పడింది. 2007లో అదే ‘జైన్’గా పేరు మార్చుకుంది. మొదటి సంస్థ లిపిని యంత్రంలోకి తెచ్చే పనికి పూనుకుంటే, రెండవది యంత్రాన్ని అరచేతిలోకి తెచ్చింది. లిపి, అరచేయి కలిసిన చోట తలెత్తిన చిక్కు అరబ్బులతోపాటు అక్కడి తెలుగువారికీ ఎదురైంది.

అరబ్బీ అక్షరం మాట మొదట, నడుమ, చివర, విడిగా వేర్వేరు రూపాలు తాలుస్తుంది. టైపురైటర్ల కాలంలో ఆ రూపాలకు విడివిడిగా మీటలు కేటాయించక తప్పేది కాదు. కంప్యూటర్ వచ్చాక ఆ భారం మనిషి నుంచి యంత్రానికి మారింది. ఏ అక్షరమో మనిషి చెబితే చాలు, ఏ రూపమో యంత్రం తేలుస్తుంది. 1990 ఆగస్టులో ఇరాక్ దండయాత్ర తరువాత సఖ్ర్ తన పనిని కైరోకు తరలించుకున్నా, ఈ సూత్రం అరబ్బీ కీబోర్డులన్నిటికీ పునాదిగా నిలిచింది.

తెలుగుకూ అదే సూత్రం అక్కరకు వచ్చింది. 1986లో భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ రూపొందించిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో ఒత్తులకు వేరే మీటలు లేవు. హల్లు, పొల్లు, హల్లు వరుసగా నొక్కితే ఒత్తు దానంతట అదే ఏర్పడుతుంది. అచ్చులూ గుణింతపు గుర్తులూ ఎడమచేతి వైపు, హల్లులు కుడిచేతి వైపు ఉంటాయి. తెలుగు మాటలో హల్లూ అచ్చూ ఒకదాని వెంట ఒకటి వస్తాయి కనుక రెండు చేతులూ వంతులవారీగా కదులుతాయి. బల్ల మీద ఇది చక్కని ఏర్పాటు. ఒక్క బొటనవేలితో రాసే ఫోను మీద మాత్రం ఆ సుగుణమే భారమవుతుంది. ప్రతి గుణింతానికీ వేలు ఈ కొస నుంచి ఆ కొసకు పోయి రావాలి.

ఒంటిచేతి రాతకు పరిష్కారాలు అంతకు ముందే వెదికారు. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కో ప్రదర్శనలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ కుడిచేతిలో మౌస్, ఎడమచేతి కింద ఐదు మీటల పెట్టె పెట్టుకుని పనిచేశాడు. ఐదు మీటలను విడిగానూ కలిపీ నొక్కితే 31 కూర్పులు వస్తాయి. ఇంగ్లీషు 26 అక్షరాలు అందులో ఇముడుతాయి, అరబ్బీ 28 కూడా ఇముడుతాయి. యాభై పైచిలుకు అక్షరాలు, వాటిపై గుణింతం ఉన్న తెలుగు ఇమడదు.

చేతిఫోన్లలో స్థిరపడింది మాత్రం పన్నెండు మీటల పలక. అక్షరాలకు దక్కేవి 2 నుంచి 9 వరకు ఎనిమిది మీటలు. అరబ్బీకి మీటకు మూడు నాలుగు అక్షరాలు పడతాయి, తెలుగుకు ఆరేడు పడతాయి. ఒక మీటకు కవర్గం ఇస్తే ‘ఘ’ కోసం నాలుగుసార్లు నొక్కాలి. పైగా ఒక సందేశంలో రోమన్ అక్షరాలు 160 పడితే, యూనికోడ్‌లో రాసిన అరబ్బీ గాని తెలుగు గాని 70 మాత్రమే పడతాయి. సొంత లిపిలో రాస్తే శ్రమతోపాటు ఖర్చూ పెరుగుతుంది.

అరబ్బు యువతరం రోమన్ లిపికి మళ్ళింది, కాని అందులో లేని ధ్వనులను వదులుకోలేదు. ‘ఐన్’ అక్షరానికి 3, కంఠంలో పుట్టే ‘హ’కు 7, హంజాకు 2 అంకెలను వాడుకుంది. అరబ్బీ రాతలో హ్రస్వాచ్చులు మామూలుగా రాయరు కనుక, హల్లులు నిలబడితే మాట నిలబడుతుంది.

తెలుగులో అర్థం చాలాసార్లు అచ్చు నిడివి మీద ఆధారపడుతుంది. ‘డబ్బు పంపాను’, ‘డబ్బు పంపను’ అన్న రెండు వాక్యాల మధ్య ఉన్నది ఒక్క దీర్ఘమే. రోమన్ లిపిలో దీర్ఘం తేవాలంటే ఇంగ్లీషు ‘ఏ’ను రెండుసార్లు రాయాలి. ఆ అక్షరం 2 అంకె మీట మీద ఉంది. వెంటనే రెండుసార్లు నొక్కితే ‘బీ’ వస్తుంది. ఒకసారి నొక్కి, కాసేపు ఆగి, మళ్ళీ నొక్కాలి. ల, ళ తేడా చూపడానికి పెద్ద అక్షరం వాడాలంటే మరో మీట నొక్కాలి. అందుకే ముందుగా రాలిపోయినవి దీర్ఘాలు, ఆ వెంటే ళ, ణలు. కలా కళా ఒక్కటయ్యాయి, పంపాను, పంపను కూడా ఒక్కటయ్యాయి. దీన్ని రాసేవారి నిర్లక్ష్యం అనడం సులువు. నిజానికి అది మీటల అమరిక విధించిన మినహాయింపు.

కడప, రాజంపేట, రాయచోటి ప్రాంతాల నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కు వెళ్ళి ఇళ్ళలో పనిచేసే వారికి ఆ దీర్ఘం వ్యాకరణ విషయం కాదు, నెల జీతానికి సంబంధించిన కబురు. తెలుగు చదవడం, రాయడం మాత్రమే వచ్చినవారికి రోమన్ పలక అసలు తెరవని తలుపు. భారత ప్రమాణం ఐఎస్ 16333 మూడో భాగం 2016లో వచ్చింది. ఫోన్లలో 22 భారతీయ భాషలు చదివే వీలూ, ఇంగ్లీషు, హిందీతోపాటు మరో భారతీయ భాషలో రాసే వీలూ ఉండాలంది. అది భారతదేశంలో అమ్మే ఫోన్లకే వర్తిస్తుంది, కువైట్ దుకాణంలో కొన్న ఫోనుకు కాదు.

తాకుతెర వచ్చాక మీటల సంఖ్య నిర్బంధం తొలగింది. ముంబై ఐఐటీలో రూపొందిన ‘స్వరచక్ర’ తెలుగు బడిపలకనే నమూనాగా తీసుకుంది. హల్లులు వర్గాల వరుసలో ఉంటాయి. ‘ప’ మీద వేలు ఆనిస్తే దాని చుట్టూ గుణింతం చక్రంలా విచ్చుకుంటుంది. వేలు ఒక దిక్కుకు జరిపితే ‘పా’. దీర్ఘానికి అదనపు నిరీక్షణ లేదు, రెండో చేయి అక్కరలేదు. రోమన్‌లో రాస్తే తెలుగుగా మార్చే కీబోర్డులు ఎక్కువ వ్యాప్తి పొందాయి. అవి ఊహించి చూపిన మాటల్లో సరైనది ఎంచుకునే బాధ్యత మళ్ళీ మనిషిదే. ఆ దారిలో వెళ్ళాలన్నా ముందు ఇంగ్లీషు అక్షరాలు వచ్చి ఉండాలి.

ఈలోగా 2013లో వాట్సాప్‌లో గొంతు సందేశాలు వచ్చాయి. దీర్ఘం మళ్ళీ వినబడింది, రాయడం తప్పింది. ఆత్మీయతకు గొంతు చాలు. కాని ఎప్పుడు ఎంత పంపారో, యజమాని ఏ తేదీన జీతం ఇస్తానన్నాడో వెదికి చూపాల్సి వస్తే అక్షరమే సాక్ష్యం. చిన్న కీబోర్డును తూచడానికి వేగమొక్కటే కొలత కాదు. ‘ప’ నుంచి ‘పా’కు బొటనవేలు ఎంత దూరం నడవాలన్నది తెలుగు కీబోర్డు ముందున్న అసలు ప్రశ్న.