కెమెరా మన చేతికొచ్చాక: వకాలిగా నుంచి మన గూడెం దాకా



మన సంఘం సంచికల్లో జోడేఘాట్ గురించి, నాగోబా జాతర గురించి, మన పెద్దల గురించి ఎప్పుడూ రాసుకుంటూనే ఉంటాం. ఈసారి మీ అందరి జేబుల్లో ఉన్న ఫోను గురించి, దానితో తీసే చిన్న సినిమాల గురించి రాయాలనుకున్నాం. ఇదీ చరిత్రే. కెమెరా ఎవరి చేతిలో ఉంది, ఎవరిని చూపించింది, ఏ భాషలో మాట్లాడింది అని అడిగితే, మన కథ కూడా అందులోంచే బయటికి వస్తుంది.

మన వైపు కెమెరా తిరిగింది చాలా కాలం కిందటే. 1940లో కొమురం భీం అమరుడయ్యాక, గోండుల బాధలేమిటో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ గారిని ఆదిలాబాద్ అడవులకు పంపింది. ఆయన మార్లవాయిలో కాపురం పెట్టి, మన భాష నేర్చుకుని, మన మధ్యే బతికారు. 1943లో అక్కడే గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది. ఆ మేలు మనం మరువలేం. ఆయన తీసిన ఫొటోలు, ఫిల్ములు ఇప్పుడు లండన్‌లోని ఒక విశ్వవిద్యాలయ సంస్థలో భద్రంగా ఉన్నాయి. మన తాతల ముఖాలు చూడాలంటే అక్కడికే చూపు సారించాలి. ఆయన మంచివారే, కానీ కెమెరా ఆయనది. ఏది తీయాలో, ఏది విడిచిపెట్టాలో నిర్ణయించింది కూడా ఆయనే.

తర్వాత సినిమా వచ్చింది. అల్లాణి శ్రీధర్ గారు తీసిన 'కొమురం భీం' చిత్రం 1990లో పూర్తయింది, నంది అవార్డులు కూడా వచ్చాయి. కానీ అది థియేటర్లకు చేరింది 2010లో. సినిమా తీయడం ఒక ఎత్తు, దాన్ని జనం దగ్గరికి తీసుకెళ్లడం ఇంకో ఎత్తు. మన వీరుడి కథ ఇరవై ఏళ్లు డబ్బాల్లో ఉండిపోయింది.

ఇక్కడి నుంచి కాసేపు ఆఫ్రికాకు వెళ్దాం. ఉగాండా రాజధాని కంపాలాలో వకాలిగా అనే పేదల బస్తీ ఉంది. అక్కడ నబ్వానా ఐజాక్ అనే ఆయన ఇటుకలు చేసి అమ్ముకుని బతికేవారు. చిన్నప్పుడు ఆయనకు సినిమా హాలుకు వెళ్లే వీలు లేకపోయింది. అన్న చూసి వచ్చి కథ చెబుతుంటే, దాన్ని మనసులోనే బొమ్మ కట్టుకునేవారు. పెద్దయ్యాక ఒక కంప్యూటర్ కోర్సులో చేరారు. చేతిలో ఉన్న డబ్బు ఒక నెలకే సరిపోయింది. మిగతాదంతా తనంతట తానే నేర్చుకున్నారు. పాత సామాన్లు ఏరుకొచ్చి కంప్యూటర్ బిగించుకున్నారు. 2005లో ఇంటి దగ్గరే చిత్ర సంస్థ పెట్టి, తన నానమ్మ, అమ్మమ్మల పేర్లు కలిపి దానికి పేరు పెట్టుకున్నారు.

2010లో ఆయన తీసిన 'హూ కిల్డ్ కెప్టెన్ అలెక్స్?' ప్రపంచమంతా తిరిగింది. దాని ఖర్చు సుమారు 200 డాలర్లని చెబుతారు. అప్పటి లెక్కలో 9 వేల రూపాయలు! నటులందరూ ఆ బస్తీవాళ్లే. తుపాకులను పాత ఇనుప ముక్కలతో అక్కడి మెకానిక్ ఒకరు చేసిపెట్టారు. హెలికాప్టర్ ఎగరడం, మేడలు పేలిపోవడం ఆ పాత కంప్యూటర్‌లోనే తయారయ్యాయి. మాటలు వాళ్ల సొంత భాష లుగాండాలోనే. సినిమాను సీడీలుగా చేసి నటులే ఇంటింటికీ తిరిగి అమ్మేవారు. అమ్మినదాంట్లో సగం వాళ్లకే. దొంగ కాపీలు వచ్చేలోపు, వారం రోజుల్లోనే అమ్ముడుపోవాలి మరి.

ఆ సినిమా ట్రైలర్‌ను 2010 జనవరిలో యూట్యూబ్‌లో పెట్టారు. ఒకరి నుంచి ఒకరికి పాకింది. న్యూయార్క్‌లో ఉన్న ఒక సినిమా మనిషి దాన్ని చూసి 2011లో వకాలిగాకే వచ్చి, వాళ్లతోనే ఉండిపోయారు. 2015లో తర్వాతి సినిమా కోసం వాళ్లు ఇంటర్నెట్‌లో 160 డాలర్లు చందా అడిగితే 13 వేల డాలర్లకు పైగా వచ్చాయి. 2019లో వాళ్ల 'క్రేజీ వరల్డ్' టొరంటో చిత్రోత్సవంలో ఆడింది. ఇటుకలు చేసిన చేతులే అక్కడి దాకా తీసుకెళ్లాయి.

ఈ కథలో రెండు సంగతులు మనకు బాగా దగ్గరివి. మొదటిది, వీడియో జోకర్. ఉగాండా వీడియో హాళ్లలో సినిమా నడుస్తుంటే పక్కన ఒకతను మైకు పట్టుకుని, అర్థం కాని మాటలను జనం భాషలోకి తిప్పుతూ, మధ్యలో నవ్విస్తూ, ఉత్సాహపరుస్తూ ఉంటాడు. కెప్టెన్ అలెక్స్ సినిమాలో కూడా ఆ గొంతు మొదటి నుంచి చివరి దాకా వినిపిస్తుంది. మన పర్ధాన్ కథకులు కిక్రి వాయిస్తూ సగాల పుట్టుకను చెప్పే తీరు గుర్తు చేసుకోండి. కథను తరతరానికీ అందించడం, విన్నవాళ్లను కూర్చున్నచోటు నుంచి లేవకుండా చేయడం మనకు కొత్త విద్య కాదు.

రెండోది నష్టం గురించి. ఆ సినిమా అసలు ప్రతి ఇప్పుడు లేదు. కంప్యూటర్‌లో చోటు చాలక, తర్వాతి సినిమా కోసం దాన్ని చెరిపేయాల్సి వచ్చింది. వీడియో జోకర్ గొంతు కలిపిన డీవీడీ ప్రతి ఒక్కటే మిగిలింది. ప్రపంచం చూసింది దాన్నే.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. యూట్యూబ్ పుట్టింది 2005లో. తెలుగులో షార్ట్ ఫిలింల గాలి వీచింది ఆ తర్వాతి పదేళ్లలోనే. షార్ట్ ఫిలింలు తీసిన తరుణ్ భాస్కర్ 2016లో 'పెళ్లి చూపులు' తీశారు. సుజీత్ కూడా ఆ దారిలోనే వచ్చి 2014లో 'రన్ రాజా రన్' తీశారు. 'ద వైవా' అనే చిన్న వీడియోతో హర్ష పేరు ఇంటింటికీ తెలిసింది. అయితే వీళ్లలో ఎక్కువమందిది పట్నం భాష, పట్నం కథలు. పల్లె తన మాటతో తెర మీదికి వచ్చింది జగిత్యాల వైపున్న లంబాడిపల్లిలో. శ్రీకాంత్ శ్రీరాం 2012లో అక్కడ 'మై విలేజ్ షో' మొదలుపెట్టారు. ఊరి పొలాలే సెట్లు, ఊరివాళ్లే నటులు. బడి ముఖం చూడని గంగవ్వ ఆ వీడియోల్లో తన మాట తాను మాట్లాడి అందరి మనిషి అయ్యారు, 2020లో బిగ్‌బాస్ దాకా వెళ్లారు. ఆమె భాష మార్చుకోలేదు. జనమే ఆమె భాషకు అలవాటు పడ్డారు. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకయ్యాక ఇలాంటి వీడియోలు గూడేల దాకా చేరాయి.

ఆదివాసీ బిడ్డలూ వెనకబడి లేరు. జార్ఖండ్‌లో ఉరావ్ తెగకు చెందిన బీజు టొప్పో 1990లలోనే కెమెరా పట్టుకున్నారు. అస్సాం తేయాకు తోటలకు వలసపోయిన తమవాళ్ల గురించి 'కోరా రాజీ' అనే చిత్రాన్ని తమ కుడుఖ్ భాషలోనే తీశారు. మిత్రుడు మేఘనాథ్‌తో కలిసి చేసిన పనికి జాతీయ అవార్డులు కూడా అందుకున్నారు.

మరి మన సంగతేమిటి? 2011 జనాభా లెక్కల్లో గోండి మాతృభాషగా చెప్పినవాళ్లు 29 లక్షల 80 వేలకు పైనే. అయినా రాజ్యాంగం 8వ షెడ్యూల్‌లో గోండి లేదు. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన మన లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది, అంటే ఇప్పుడు ఫోనులోనూ, కంప్యూటర్‌లోనూ దాన్ని రాసుకునే దారి ఏర్పడింది. కానీ లిపి ఉంటే సరిపోదు, మాట్లాడే నోళ్లు ఉండాలి. హాస్టళ్లలో పనిచేసే మాకు ఇది రోజూ కళ్ల ముందు కనిపించేదే. మూడో తరగతిలో చేరేటప్పుడు పిల్లలు గోండిలో గలగలా మాట్లాడతారు. పదో తరగతికి వచ్చేసరికి ఇంటి నుంచి ఫోనొచ్చినా సగం తెలుగే. సెలవుల్లో ఇంటికెళ్లి అమ్మమ్మ చెప్పిన సామెత అర్థం కాలేదని చెప్పే పిల్లలను చూశాం. అదే పిల్లలు తెలుగు రీల్స్ డైలాగులు మాత్రం అప్పజెప్పగలరు. తప్పు పిల్లలది కాదు. వాళ్లు చూసే తెర మీద వాళ్ల భాష లేదు.

మార్లవాయి గుస్సాడీ గురువు కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబరులో ఆయన మనల్ని విడిచి వెళ్లారు. ఆయన అడుగులు చాలా వీడియోల్లో ఉన్నాయి. కానీ ఆయనలా నేర్పగల పెద్దలు ఇంకా ప్రతి గూడెంలో ఉన్నారు. వాళ్ల డప్పు దరువు, వాళ్లు చెప్పే కథ, పంట పేర్లు, చెట్ల పేర్లు ఎవరు తీస్తారు? బయటివాళ్లు జాతరకు వచ్చి నెమలి ఈకల టోపీని తీసుకుని వెళ్లిపోతారు. ఆ టోపీ ఎలా కడతారో, దీక్షలో ఏ నియమాలు పాటిస్తారో అడిగే తీరిక వాళ్లకుండదు. అది మీకుంది.

అందుకే మీకు నాలుగు మాటలు చెప్పాలనుకున్నాం.

ఒకటి, గోండిలోనే తీయండి. కింద తెలుగులో అక్షరాలు వేస్తే అందరికీ అర్థమవుతుంది. లుగాండా సినిమాను లోకమంతా చూడలేదా?

రెండు, ముందుగా అడగండి. పేన్ పూజల్లో కొన్ని కళ్లతో చూడవలసినవే, కెమెరాతో కాదు. కటోడ వద్దంటే ఫోను జేబులో పెట్టుకోవాలి. పటేల్‌కు, ఇంటివాళ్లకు చెప్పే తీయాలి. మనల్ని అడగకుండా తీస్తున్నారని బయటివాళ్లను నిలదీసే మనం, మన ముసలివాళ్లను అడగకుండా తీయడం న్యాయం కాదు.

మూడు, నవ్వించండి, కానీ మనల్ని మనమే చిన్న చేసుకోకండి. వకాలిగావాళ్లు తమ పేదరికం మీద తామే నవ్వుకున్నారు, తమ బస్తీని మాత్రం ఎక్కడా కించపరచలేదు. గూడెం మనిషిని తాగుబోతుగా, తెలివిలేనివాడిగా చూపిస్తే వ్యూస్ వస్తాయేమో గానీ, రేపు పట్నంలో మీ తమ్ముడిని జనం ఆ పేరుతోనే పిలుస్తారు.

నాలుగు, దాచిపెట్టండి. తీసిన ప్రతిదాన్నీ కనీసం రెండు చోట్ల ఉంచండి. ఒకటి పెన్‌డ్రైవ్‌లో, ఇంకోటి మన సంఘం దగ్గర. ఎవరు మాట్లాడారు, ఏ ఊరు, ఏ తేదీ అనేది కాగితం మీద రాసి దానితోపాటే పెట్టండి. ఇరవై ఏళ్ల తర్వాత చూసేవాళ్లకు ఆ కాగితమే దారి చూపిస్తుంది.

ఖర్చు గురించి భయపడకండి. పొద్దున, సాయంత్రం వెలుతురు మనకు ఉచితం. గాలి హోరు వినిపించకుండా మనిషికి దగ్గరగా ఫోను పట్టుకుంటే మాట స్పష్టంగా వస్తుంది. ఐదు నిమిషాల కథ చాలు. ఈ దీపావళికి దండారి బృందాలు ఊరూరా తిరిగేటప్పుడు, మీ ఊరి పెద్దల్లో ఒకరిని అడిగి, వారి మాటల్లోనే ఒక కథ తీయండి. తీసినవాటిని సంఘానికి పంపితే, వచ్చే సంచికలో వాటి గురించే రాసుకుందాం. మన మనవలు మన ముఖాలు చూడటానికి లండన్ దాకా వెళ్లాల్సిన పని ఉండకూడదు.