శ్రీరంగరాజ చరిత్రము: ప్రేరణము, ప్రకటనము

తెలుగు నవలాచరిత్రమును వ్రాయబూనిన వారందఱును మొట్టమొదట ఎదుర్కొను ప్రశ్న యొకటి కలదు: తొలినవల యేది? 1867 నాటి కొక్కొండ వేంకటరత్నము పంతులుగారి మహాశ్వేతను కొందఱును, 1872లో వెలువడిన నరహరి గోపాలకృష్ణమ సెట్టిగారి శ్రీరంగరాజ చరిత్రమును కొందఱును, 1878లో ప్రకటనము ప్రారంభమైన కందుకూరి వీరేశలింగము పంతులుగారి రాజశేఖర చరిత్రమును మఱికొందఱును ఆ స్థానమున నిలుపుచున్నారు. మహాశ్వేతకు బాణుని కాదంబరీకథ యాధారము గావున దానిని స్వతంత్రకల్పనముగా గ్రహింప వీలులేదు. మిగిలిన రెండింటిని గూర్చిన వాదమున తేదులకు దక్కిన ప్రాధాన్యము, గోపాలకృష్ణమ సెట్టిగారిని ఈ రచనకు పురికొల్పినదేమి, ఆ గ్రంథము ఏ త్రోవను పాఠకులను చేరినది యను విషయములకు దక్కలేదు. ఆ రెండంశములను ఇచట పరిశీలింపదలచితిమి.

గోపాలకృష్ణమ సెట్టిగారు వృత్తిచే కవిపండితులు కారు. కర్నూలులో డిప్యూటీ కలెక్టరుగా నుండిన ప్రభుత్వోద్యోగి. 1886లో ప్రకటితమైన కర్నూలు జిల్లా మాన్యువల్ అను ఆంగ్లగ్రంథము వీరు కూర్చినదే. ఒక జిల్లాకు సంబంధించిన భూములు, పంటలు, పన్నులు, జాతులు, పూర్వవృత్తాంతములు మొదలగువాని నొక్కచోట సమకూర్చు గ్రంథము మాన్యువల్. జనుల ఆచారములను కనిపెట్టి వ్రాసిపెట్టుట ఆనాటి ఉద్యోగుల పనిలో భాగమై యుండెను. నవలకును, మాన్యువలునకును నడుమ పదునాలుగేండ్ల యంతరమున్నను, రెండింటి వెనుకను ఉన్న దృష్టి యొక్కటే యని మా యభిప్రాయము.

ప్రేరణమును గూర్చి గ్రంథకర్తయే పీఠికలో తెలిపియున్నారు. జనుల ఆచారవ్యవహారములను తెలుపు గ్రంథమును వ్రాసినవారికి బహుమతి యీయబడునని మేయో ప్రభువు చేయించిన ప్రకటన వంగదేశపు గెజిట్టులో కనబడగా, దానిని చదివి వీరీ రచనకు పూనుకొనిరి. మేయో 1869 మొదలు గవర్నరు జనరలుగా నుండి, 1872 ఫిబ్రవరి 8వ తేదీన పోర్టుబ్లెయరునందు హతుడయ్యెను. తెలుగు గ్రంథము వెలువడినదియు ఆ సంవత్సరమే.

ఇట్లు బహుమతిప్రకటనము నవలకు నిమిత్తమగుట తెలుగునందే జరిగిన వింత కాదు. 1868లో వాయవ్యరాష్ట్ర ప్రభుత్వము దేశభాషలలో ఉపయోగకరములగు గ్రంథములకు బహుమతులను ప్రకటించెను. 1869 నాటి నజీర్ అహ్మదుగారి మిరాతుల్ ఉరూస్ అను ఉర్దూ నవలకు వేయి రూపాయల బహుమతి లభించినది. 1871లో ఉత్తరపాడా జమీందారు జయకృష్ణ ముఖోపాధ్యాయుడు వంగదేశపు గ్రామీణజీవనమును చిత్రించు నవలకు ఏబది పౌనుల బహుమతిని ప్రకటింపగా, లాల్ బిహారీ దే 1874లో గోవింద సామంత అను ఆంగ్లనవలచే దానిని పొందిరి. నజీర్ అహ్మదుగారును డిప్యూటీ కలెక్టరుగా పనిచేసినవారే; తరువాత సాలార్‌జంగు ఆహ్వానముపై హైదరాబాదు సంస్థానమున ఉద్యోగించిరి. ఉర్దూ బోధనాభాషగా 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఈ అడిక్‌మెట్ ప్రాంగణమున, ఆ రెండు భాషల తొలినవలలను ప్రక్కప్రక్కన నుంచి చదువుట పరిశోధకులకు సుకరము, ఆవశ్యకము కూడ.

అయితే ప్రకటనము నిమిత్తమాత్రమే. అది అడిగినది ఆచారవర్ణనము; సెట్టిగారు వ్రాసినది ప్రణయకథ. గ్రంథమునకు సోనాబాయి పరిణయమను నామాంతరము కలదు. కర్త దానిని నవీన ప్రబంధమని పేర్కొనెను. ఈ మూడు పేర్లును మూడు మూలములను సూచించుచున్నవి. చరిత్రమనుటలో లోకవృత్తమును చెప్పు సంకల్పమును, పరిణయమనుటలో నాయికానాయకుల వివాహముతో ముగియు తెలుగు కావ్యసంప్రదాయమును, నవీనమనుటలో తాను చేయుచున్నది క్రొత్తపని యను ఎఱుకయు గోచరించుచున్నవి. నవల యను మాట అప్పటికింకను పుట్టలేదు. రాజశేఖర చరిత్రమును విమర్శించుచు కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రిగారు దానిని తరువాత వాడుకకు తెచ్చిరి.

కథానాయిక సోనాబాయి లంబాడీలలో పెరిగిన పిల్ల. రంగరాజున కామెపై కలిగిన ప్రేమకు కులము అడ్డుగా నిలుచును. తుద కామె పుట్టుకచే లంబాడీ కాదని తేలి, వివాహమునకు మార్గ మేర్పడును. ఆచారములను తెలుపుటకై మొదలిడిన గ్రంథమున ఆచారమే ప్రేమకు విఘ్నమైనది. వర్ణింపవలసిన వస్తువు కథను నడుపు శక్తిగా మాఱినది. రచయిత సాధించినదిది. ఆ విఘ్నమును జన్మరహస్యముచే తొలగించుటవలన కులధర్మమునకు భంగము కలుగలేదు. ప్రశ్న పుట్టినది, సమాధానము తప్పింపబడినది. కావున ఇది నవల కాదు, వచనమున వ్రాసిన ప్రబంధమే యని కొందఱు వాదింపవచ్చును. కాని పరిష్కారము పాతదైనను, సమస్య సమకాలిక సంఘమునుండి గ్రహింపబడినదని మఱువరాదు. సంచారజీవనము గల యొక జాతి నడుమ పెరిగిన పిల్లను నాయికగా గ్రహించుటయే నాటి తెలుగు వచనమున సాహసము.

ఇక ప్రకటనమార్గము. వీరేశలింగము పంతులుగారికి 1874లో తాము స్థాపించిన వివేకవర్ధని యుండెను. గోల్డుస్మిత్తు నవలయొక్క ఛాయ గల రాజశేఖర చరిత్రము అందు విడతలుగా వెలువడి, 1880లో పుస్తకరూపము దాల్చెను. 1887లో హచిన్సను ఆంగ్లానువాదము లండనున ప్రకటితమయ్యెను. స్వీయచరిత్రమున పంతులుగారు తెలుగున మొదటి వచనప్రబంధము తమదే యని చెప్పుకొనిరి. శ్రీరంగరాజ చరిత్రమునకు పత్రిక లేదు, నెలనెల యెదురుచూచు పాఠకసముదాయము లేదు, వెంటనంటి నడచు ఉద్యమము లేదు. సర్కారు ప్రకటనమును చూచి పుట్టిన పుస్తకము ఒంటరిగా లోకమున ప్రవేశించినది.

ఈ భేదమును తరువాతి చరిత్ర స్పష్టపఱచుచున్నది. 1890 తరువాత న్యాపతి సుబ్బారావు పంతులుగారి చింతామణి పత్రిక నవలల పోటీలను నడపినది. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి రామచంద్ర విజయము, హేమలత అందు బహుమతులను పొందినవి. బహుమతి గెజిట్టునుండి పత్రికకు మాఱినది. ఇచ్చువారును, వ్రాయువారును, చదువువారును తెలుగువారే యైరి.

కావున ప్రాథమ్యనిర్ణయమున రెండు ప్రమాణములను వేఱుచేసి చూడవలెనని మా మనవి. సమకాలికసమస్యను స్వతంత్రమగు ప్రణయకథగా అల్లిన కృతి యేది యన్న, 1872 నాటి శ్రీరంగరాజ చరిత్రమునకు అగ్రస్థాన మీయక తప్పదు. తెలుగున నవలకు పాఠకులను సమకూర్చి, దానినొక వాడుకగా నిలిపిన కృతి యేది యన్న, ఆ గౌరవము రాజశేఖర చరిత్రమునకే చెందును. రెండవ గౌరవమును చూపి మొదటిదానిని హరించుట న్యాయము కాదు.